వణకని వణుకు జబ్బు

మా అత్తగారికి కంచంలో కూర కనపడేది కాదు. కళ్ళు మసకలేమో అనుకుంటారు, అదేం కాదు. వీధి చివర్న వచ్చే పాలవాణ్ణి గుమ్మంలోంచే గుర్తుపట్టి కేకేసేవారు. పేపరు కాస్త ఎత్తి పట్టుకుంటే చిన్న అక్షరాలు కూడా చదివేవారు. కాని అన్నానికి కూర్చుంటే మాత్రం కంచంలో అవతలి అంచున వున్నది తిని, తనవైపు వేసిన కూరా పచ్చడీ అలాగే వదిలేసి లేచిపోయేవారు. చీర కుచ్చెళ్ళనిండా పప్పు మరకలు. "చూసుకు తినండత్తయ్యా" అని నేను కాస్త విసుగ్గానే అనేదాన్ని. "చూస్తూనే వున్నానే అమ్మాయ్" అనేవారావిడ. ఇద్దరం నిజమే చెబుతున్నామని మాకు తెలియదు.

ఇది 2009లో మొదలైంది. మొదట పడిపోవడం. పెద్దవాళ్ళు పడటం వింతేం కాదు. కాని ఈవిడ ముందుకి తూలేవారు కాదు, నరికిన చెట్టులా వెనక్కి వెల్లకిలా పడేవారు. మెట్లు దిగేటప్పుడు మరీను. తరవాత నడక నెమ్మదించింది. మొహంలో నవ్వూ కోపమూ తెలియడం మానేశాయి. మాట ముద్దగా వచ్చేది. మా వూళ్ళో చూపిస్తే డాక్టరుగారు పార్కిన్సన్ జబ్బన్నారు. "అది వణుకుడు జబ్బు కదండీ, ఈవిడ చేతులు వణకడం లేదే?" అన్నాను. "అందరికీ వణకదమ్మా" అన్నారాయన. ఆ మాట నిజమే. ఆ నిజం వెనకాల చాలా పెద్ద కథ వుందని నాకప్పుడు తెలియదు. మూడేళ్ళు మాత్రలు మింగించాం, గుణం లేదు.

2012లో పెద్ద వూరు తీసుకెళ్ళి, వయసు మళ్ళిన ఒక నరాల డాక్టరుగారికి చూపించాం. ఆయన స్కానింగుల జోలికి పోకుండా ముందు తన చూపుడువేలు అత్తగారి కళ్ళముందు పెట్టి, పక్కలకి జరిపారు. కళ్ళు పక్కలకి వెళ్ళాయి, కాస్త బద్ధకంగా. వేలు కిందికి దించారు. కళ్ళు దిగలేదు. "కిందికి చూడండమ్మా" అంటే, "చూస్తున్నాను" అన్నారావిడ. కళ్ళు మాత్రం మేకు కొట్టినట్టు ఎదటికే వున్నాయి. అప్పుడాయన "నా ముక్కుకేసి చూస్తూ వుండండి" అని, ఆవిడ తలని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా వెనక్కి వంచారు. ఇదేం వింతో గాని, తల పైకి లేచిన కొద్దీ కళ్ళు వాటంతటవే కిందికి దిగాయి! "చూశారా, కళ్ళు తిరగగలవు. తిరగమనే ఆజ్ఞే పైనుంచి అందటం లేదు" అన్నారు. కాగితంమీద ఒక పొడుగాటి పేరు రాసిచ్చారు: ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ. క్లుప్తంగా పి.ఎస్.పి. కళ్ళని తిప్పే నాడుల కేంద్రాలు బాగానే వుండి, వాటికి పైనున్న చోట చెడి, రోజురోజుకీ ముదిరే జబ్బని దాని అర్థమట.

ఇంటికొచ్చాక ఆ పేరు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కుక్కరు కూతకీ కూతకీ మధ్య సాగిన చదువు గనక దీన్ని వైద్యశాస్త్రం అనుకోకండి. నాకు పట్టుబడినది ఒక పేర్ల కథ, అంతే. పైకి ఒకేలా కనపడే జబ్బులకి లోపల వేరువేరు మూలాలుండటం, ఒకే మూలం మనిషికో వేషం వెయ్యడం, దీన్ని తేల్చుకోవడానికి మహామహులకి రెండువందల ఏళ్ళు పట్టడం.

లండన్ శివార్లలో హాక్స్‌టన్ అనే పేట వుండేది. అక్కడ జేమ్స్ పార్కిన్సన్ అనే ఆయన మందులిచ్చుకుంటూ, కురుపులు కోసుకుంటూ బతికేవాడు. మనిషి మామూలువాడు కాదు. మారుపేరుతో ప్రభుత్వాన్ని దులిపేస్తూ కరపత్రాలు రాసేవాడు. 1794లో రాజుగారిని బొమ్మతుపాకీలాంటి దానితో విషపు బాణం వేసి చంపాలని కుట్ర జరిగిందని పుకారు పుడితే, ఆ విచారణలో ఈయనా వెళ్ళి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. రాళ్ళలో దొరికే పూర్వకాలపు జీవాల అవశేషాలు పోగుచెయ్యడం ఇంకో సరదా. ఇన్ని వ్యాపకాల మధ్య 1817లో వణుకుడు పక్షవాతం మీద అరవై ఆరు పేజీల చిన్న పుస్తకం రాశాడు. అందులో రోగులు మొత్తం ఆరుగురు. ఇద్దరు వీధిలో తారసపడినవాళ్ళు. ఇంకొకాయన్ని దూరంనుంచి చూశాడు, అంతే. ఒకరు తోటపని చేసుకునేవారు, ఒకరు పాత నావికుడు. చెయ్యి వణకడం, నడుం వంగిపోవడం, నడక కాస్తా పరుగులోకి దిగడం, ఇవన్నీ కళ్ళకి కట్టినట్టు రాశాడు. వీధిలో పోయేవాళ్ళని ఆపి పరామర్శించే మన పేరమ్మగార్లలాంటి చూపు వుంటే తప్ప అలా రాయడం సాధ్యం కాదు!

కాని ఆ ఆరుగురిలో ఒక్కరి మెదడూ ఆయన లోపల చూడలేదు. చూసింది పైరూపాన్నే. మనసుకీ బుద్ధికీ ఏ లోటూ రాదని కూడా రాశాడు. అది తరవాత తప్పని తేలింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆయన ఫోటో అని చాలాచోట్ల అచ్చువేస్తారు గాని అది ఆయనది కాదు. 1824లో పోయిన మనిషికి ఫోటో ఎక్కడిది? జబ్బుకి తన పేరు తగిలించుకున్న మనిషి మొహం ఎలా వుండేదో ఎవరికీ తెలియదు.

ఆ పేరు తగిలించినది మాత్రం ఆయన కాదు, ప్యారిస్‌లోని షార్కో. సాల్పెత్రియేర్ అని, ఒకప్పుడు తుపాకిమందు నిలవచేసిన చోట కట్టిన పెద్ద ఆస్పత్రి వుండేది. దిక్కులేని ముసలి ఆడవాళ్ళు వేలకొద్దీ అందులో తలదాచుకునేవారు. షార్కో వాళ్ళని ఏళ్ళతరబడి పరిశీలించి, "అందరూ వణకరు. ఎవరికీ అసలైన పక్షవాతం లేదు. మరి వణుకుడు పక్షవాతం అనడమెందుకు? పార్కిన్సన్ పేరు పెడదాం" అని 1870ల్లో తేల్చాడు. మా వూరి డాక్టరుగారు అన్నమాట ఎక్కడిదో తెలిసింది కదా! రైలు ప్రయాణం చేసి వచ్చిన రోగులకి కాస్త హాయిగా వుంటోందని విని, కుర్చీకి కుదుపు పుట్టించే యంత్రం పెట్టించినది కూడా ఈయనే.

అదే షార్కో 1880ల్లో తన విద్యార్థులకి ఒక విచిత్రమైన రోగిని చూపించాడు. పార్కిన్సన్ రోగులు ముందుకి వంగుతారు, ఇతను మాత్రం కర్రలా నిటారుగా, మెడ వెనక్కి విరిచినట్టు వున్నాడు. వణుకు లేదు. షార్కో దాన్ని కూడా పార్కిన్సన్ జబ్బులోనే ఒక రకం అనుకున్నాడు. మిగిలిపోయిన వర్ణనా బొమ్మలూ చూసి ఈనాటి వైద్యులు, ఇది పార్కిన్సన్ కాకపోవచ్చు, మా అత్తగారి బాపతు జబ్బే కావచ్చునని సందేహిస్తున్నారు. అంత గొప్పవాడి ఎదటే నిలబడ్డా, ఆ జబ్బు ఇంకో డెబ్భై అయిదేళ్ళు పేరు లేకుండానే వుండిపోయింది.

ఇక లోపల చూసినవాళ్ళ సంగతి. 1912లో ఫ్రెడరిక్ లెవీ అనే జర్మన్ వైద్యుడు పార్కిన్సన్ రోగుల మెదడు పొరలు రంగులువేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కొన్ని కణాల లోపల గుండ్రటి వుండలు కనపడ్డాయి. 1919లో ప్యారిస్‌లో ట్రెటియకాఫ్ అనే కుర్ర రష్యన్ వైద్యుడు, నడిమెదడులో నల్లగా చారలా వుండే ఒక చోటు ఈ రోగుల్లో వెలిసిపోయి వుందని చూపించి, ఆ వుండలకి "లెవీ వుండలు" అని పేరుపెట్టాడు. లెవీ యూదుడు. హిట్లరు వచ్చిన 1933లో దేశం విడిచిపోయి, చివరికి అమెరికా చేరాడు. పేరు మాత్రం ఆ వుండల్ని అంటిపెట్టుకునే వుంది.

సరే, వుండలు దొరికాయి గదా, ఇంక వ్యవహారం తేలినట్టే అనుకుంటాం. అక్కడే మెలిక. 1917లో వియన్నాలో ఎకోనమో అనే ఆయన కొత్తరకం నిద్రజబ్బుని వర్ణించాడు. మెదడు వాచి, మనుషులు నెలలతరబడి మగతలో పడిపోయేవారు. 1920ల చివరిదాకా అది ప్రపంచాన్ని చుట్టబెట్టింది. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళకి బొమ్మల్లా బిగుసుకుపోయారు. అదే మొహం, అదే నడక, అచ్చం పార్కిన్సన్! తీరా వాళ్ళ మెదళ్ళు చూస్తే నల్లచార వెలిసే వుంది గాని లెవీ వుండలు లేవు. వాటి బదులు కణాలనిండా దారప్పోగులు చిక్కుపడ్డట్టు ముళ్ళున్నాయి.

మన ఇళ్ళల్లో పెళ్ళిసంబంధాలు చూసేటప్పుడు మొహాలు చూసి చుట్టరికం చెబితే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, గోత్రం అడుగుతారు. ఈ జబ్బుల్లోనూ అదే జరిగింది. మొహాలన్నీ ఒకటే, గోత్రాలు వేరు. కాని గోత్రం చెప్పేది మెదడు. మెదడు చూడాలంటే మనిషి పోవాలి. ఈ ఇరకాటం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మా అత్తగారి జబ్బు కెనడాలో, టొరంటోలో బయటపడింది. 1955లో క్లిఫర్డ్ రిచర్డ్‌సన్ అనే నరాల వైద్యుడి దగ్గరికి ఆయన స్నేహితుడే ఒకాయన వచ్చాడు. యాభై రెండేళ్ళ వ్యాపారస్తుడు. పనిలో చేతులు తడబడుతున్నాయి, చూపులో ఏదో ఇబ్బంది, కాస్త మతిమరుపు. తెలిసిన జబ్బుల్లో ఏదీ అతికినట్టు సరిపోలేదు. స్నేహితుడు గనక వదిలెయ్యలేక కనిపెట్టుకునే వున్నాడు. పైకీ కిందికీ చూడలేకపోవడం, మెడ బిగుసుకోవడం, పడిపోవడం, మాట ముద్దకావడం ఒకదానివెంట ఒకటి వచ్చిపడ్డాయి. అలాంటివాళ్ళే మరికొందరు కనపడుతూ వచ్చారు. ఆ వూళ్ళోనే యెర్జీ ఒల్‌షెవ్‌స్కీ అనే పోలెండు దేశస్థుడు మెదళ్ళు పరీక్షించే పనిలో వుండేవాడు. మెదడు కాండంలో ఏ కణాలు ఎక్కడెక్కడ వుంటాయో చూపిస్తూ 1954లో ఒక గ్రంథం అచ్చువేసినవాడు. చూపుని పైకీ కిందికీ తిప్పే ఏర్పాటు వుండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే! తాళం ఒకరి దగ్గర, చెవి ఇంకొకరి దగ్గర, ఇద్దరూ ఒకే వూళ్ళో. జాన్ స్టీల్ అనే యువవైద్యుడు వీళ్ళిద్దరి పనినీ కలిపి కూర్చాడు.

1963లో సభలో చదివారు, 1964లో అచ్చువేశారు. తొమ్మిదిమంది రోగుల కథ. పోయినవాళ్ళ మెదళ్ళలో నడిమెదడు చిక్కిపోయి, కణాల్లో ముళ్ళు కనపడ్డాయి. ముళ్ళు అల్జైమర్ మతిమరుపు జబ్బులోనూ వుంటాయి. కాని అక్కడ వుండే చోటు వేరు, ఇక్కడి చోటు వేరు. లెవీ వుండల జాడ లేదు. ఆ వ్యాసం వచ్చిన 1964లోనే ఒల్‌షెవ్‌స్కీ చనిపోయాడు.

పేరంటూ పెట్టాక అందరికీ ఆ రోగులు కనపడటం మొదలైంది. కొందరు పాత పుస్తకాలు తిరగేసి, ఇదిగో ఇక్కడ వుంది, అదిగో అక్కడ వుంది అన్నారు. 1857లో చార్లెస్ డికెన్స్ మరొకరితో కలిసి రాసిన ఒక ప్రయాణకథలో రెప్పవాల్చని, బిగుసుకుపోయిన ముసలాయన ఒకడు వస్తాడు. అది ఈ జబ్బేనా అని 2002లో ఒక వైద్యుడు పత్రికలో ప్రశ్న లేవదీశాడు. దయ్యం కథలో మనిషికి రోగనిర్ణయం చెయ్యడం నాకు కాస్త అతిగానే తోచింది. ఈ జబ్బు వచ్చిన రోగులు రెప్ప ఆర్పడం తగ్గిపోయేమాట మాత్రం నిజం. మా అత్తగారు అలా కన్నార్పకుండా ఎదటికి చూస్తూ కూర్చుంటే పనిమనిషి భయపడి, "అమ్మగారు నామీద కోపంగా వున్నారండీ" అనేది. ఇంగ్లీషు సినిమాల్లో నవ్వించిన డడ్లీ మూర్‌కీ ఇదే జబ్బు. అతన్ని జనం తాగి తూలుతున్నాడనుకున్నారు. 1999లో తన జబ్బు పేరు తనే లోకానికి చెప్పుకున్నాడు, 2002లో పోయాడు. లక్షమందిలో అయిదారుగురికి వుండవచ్చునని ఈ జబ్బుకి ఒక అంచనా. అంత అరుదైనది ఒక మామూలు డాక్టరుకి తట్టకపోతే నేను తప్పుపట్టను.

1968లో బోస్టన్‌నుంచి ఇంకో జబ్బు బయటికొచ్చింది. విచిత్రమేమిటంటే ఇక్కడా ఒక రిచర్డ్‌సన్ వున్నాడు, ఆయనా ఈయనా ఒకరు కారు. ముగ్గురు రోగులు. శరీరంలో ఒక పక్కే ఎక్కువ బిగుసుకుపోతుంది. చెయ్యి యజమాని మాట వినదు, తనంతట తనే లేచి చీర కొంగో కుర్చీ చెయ్యో పట్టుకుంటుంది. దాన్ని సి.బి.డి. అంటున్నారు. పైకి చూస్తే పి.ఎస్.పి.కీ దీనికీ పొంతనే లేదు. కాని లోపల రెండిటిలోనూ చిక్కుపడేది ఒకటే మాంసకృత్తు, టావ్ అని. గోత్రం ఒకటి, మొహాలు వేరు. అక్కడితో ఆగిందా? చెయ్యి మాటవినని మనిషిని చూసి ఇది సి.బి.డి.యే అనుకుంటే, పోయాక మెదడులో పి.ఎస్.పి. కనపడింది. ఇంకొకరి మెదడులో అల్జైమర్ కనపడింది. చివరికి డాక్టర్లు విసిగి, పైరూపానికి ఒక పేరూ లోపలి మార్పుకి ఒక పేరూ విడివిడిగా వాడటం మొదలుపెట్టారు.

దీనికి సరిగ్గా ఎదురు కథ ఇంకొకటుంది. మన అమ్మాయికి పుట్టింట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు వుంటుందే, అలాగ. నడకలో అదుపు తప్పేవాళ్ళని 1900లో ప్యారిస్‌లో ఒక పేరుతో వర్ణించారు. పార్కిన్సన్‌లా బిగుసుకుపోయేవాళ్ళకి 1960ల్లో ఇంకో పేరు పెట్టారు. లేచి నిలబడగానే రక్తపు పోటు పడిపోయి కళ్ళు తిరిగేవాళ్ళని 1960లో షై, డ్రేగర్ అనే ఇద్దరు అమెరికన్లు వర్ణిస్తే వాళ్ళ పేరే పెట్టారు. 1969లో గ్రాహం, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు ఇంగ్లీషు వైద్యులు, ఈ మూడూ ఒకటేనయ్యా, చూసే పక్క వేరు, అన్నారు. ఎమ్.ఎస్.ఎ. అని కొత్త పేరు పెట్టారు. అంతా నమ్మడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1989లో లండన్‌లో ఈ మూడు రకాల మెదళ్ళలోనూ ఒకే రకం మచ్చలు, అదీ అసలు నాడీకణాల్లో కాదు, వాటిని కాచుకుని వుండే పక్కకణాల్లో కనపడ్డాయి.

ఇంతకీ పార్కిన్సన్‌కి ఇచ్చే మందు సంగతి. అది పనిచేస్తోందా లేదా అన్నది కూడా ఈ గోత్రాల తగువు తేల్చే ఒక సాక్ష్యమే. నల్లచార కణాలు తయారుచేసే డోపమిన్ అనే రసాయనం ఈ రోగుల్లో అడుగంటిపోయిందని 1960లో వియన్నాలో కనిపెట్టారు. 1967లో కొట్జియాస్ అనే అమెరికన్ వైద్యుడు లెవోడోపా అనే పదార్థాన్ని ఎక్కువ మోతాదులో ఇచ్చి, కదలలేనివాళ్ళని నడిపించాడు. ఈ లెవోడోపా మన పొలాలగట్లమీద, కంచెలమీద పాకే దూలగొండి గింజల్లో వుంది. ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పుట్టించే ఆ కాయే! 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఆ గింజల్లోంచి దీన్ని వేరుచేసి చూపించారు. ఇది దేనికి మందు అవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. (ఇది చదివి దూలగొండి గింజలు దంచుకునేరు సుమా! మోతాదు తప్పితే ప్రమాదం.) పార్కిన్సన్ రోగికి ఈ మందు చాలా ఏళ్ళు పనిచేస్తుంది. ఎమ్.ఎస్.ఎ. రోగుల్లో కొందరికి కొంతకాలం. పి.ఎస్.పి.లో చాలామందికి దాదాపు లేదు. మా ఇంట్లో మూడేళ్ళు మాత్రలు పనిచెయ్యకపోవడం మా దురదృష్టం అనుకున్నాం. అది ఒక జవాబు అని ఎవరూ చదవలేదు.

1992లో లండన్ వైద్యులు ఒక పని చేశారు. పార్కిన్సన్ జబ్బు అని బతికుండగా నిర్ణయించిన వందమంది, పోయాక తమ మెదళ్ళు పరిశోధనకి ఇచ్చారు. విప్పి చూస్తే డెబ్భై ఆరుగురిదే నిజంగా పార్కిన్సన్. తక్కిన ఇరవై నలుగురిదీ వేరే. వాళ్ళలో పి.ఎస్.పి.లున్నారు, ఎమ్.ఎస్.ఎ.లున్నారు, అల్జైమర్ వాళ్ళున్నారు. నిర్ణయించినవాళ్ళు సామాన్యులు కారు, పెద్ద డాక్టర్లే. ఆ లెక్కని అచ్చువెయ్యడానికి ధైర్యం కావాలి. అది చదివాక మా వూరి డాక్టరుగారి మీద మిగిలిన కోపం కూడా పోయింది.

1997లో లెవీ వుండల గుట్టు కూడా బయటపడింది. ఇటలీలో కాంటూర్సీ అనే వూరినుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబంలో తరతరాలుగా ఈ జబ్బు వుంది. వాళ్ళ జన్యువులో తప్పు పట్టుకుంటే, అది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే మాంసకృత్తుది. అదే ఏడు లెవీ వుండలనిండా ఆ మాంసకృత్తే వుందని తేలింది. మరుసటి ఏడు ఎమ్.ఎస్.ఎ. మచ్చల్లోనూ అదే. అంటే ఎమ్.ఎస్.ఎ. పార్కిన్సన్‌కి జ్ఞాతి. పి.ఎస్.పి., సి.బి.డి. టావ్ గోత్రంవి, అల్జైమర్‌కి దూరపు బంధువులు. ఇంతవరకూ బాగానే వుంది. కాని వయసుమళ్ళిన మెదళ్ళలో రెండు గోత్రాలవీ కలిసి కాపరముండటం కూడా మామూలేనని ఇప్పుడంటున్నారు!

ఈ పంపకానికంతటికీ లొంగని దీవి ఒకటుంది. పసిఫిక్ సముద్రంలో గువామ్. అక్కడివాళ్ళు చమోరోలు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికన్ వైద్యులు చూస్తే, కండరాలు కరిగిపోయి మనిషి చిక్కిపోయే జబ్బు ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువగా వుంది. వూరివాళ్ళు దాన్ని లిటికో అనేవారు. ఇంకో రకం వాళ్ళు బిగుసుకుపోయి, మాటాపలుకూ లేక, మతి తప్పేవారు. దాన్ని బోడిగ్ అనేవారు. ఒకే ఇంట్లో అన్నకి లిటికో, తమ్ముడికి బోడిగ్. కొందరికి రెండూ. 1961లో హిరానో అనే జపాన్ వైద్యుడు ఆ మెదళ్ళనిండా ముళ్ళు చూపించాడు. పి.ఎస్.పి. పేరు పెట్టిన జాన్ స్టీల్ తరవాత ఆ దీవికే వెళ్ళి కాపరం పెట్టాడు. అక్కడ చూపు తిప్పలేని రోగులు కనపడితే, ఆయనకి టొరంటో రోజులు గుర్తురాకుండా వుంటాయా!

కారణం ఏమిటి? అక్కడి ఇల్లాళ్ళు ఒక రకం ఈతచెట్టులాంటి చెట్టు గింజల్ని రోజులతరబడి నానబెట్టి, నీళ్ళు మార్చిమార్చి, విషం దిగిపోయాక పిండి చేసి రొట్టెలు కాల్చేవారు. ఆ పిండేనేమోనని అనుమానించారు. ఆ గింజలు తినే గబ్బిలాలనేమోనన్నారు. నీళ్ళన్నారు, వంశమన్నారు. ఏదీ రుజువు కాలేదు. ఆలివర్ శాక్స్ దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. ఇంతలో ఆ జబ్బే చల్లగా జారుకుంది. 1960ల తరవాత పుట్టినవాళ్ళలో అది రావడం దాదాపు ఆగిపోయింది. వంటలు మారాయి, జీవితం మారింది, ఏది మారడంవల్ల పోయిందో చెప్పగలవాళ్ళు లేరు. ఒక తరం ఇల్లాళ్ళ వంటని శంకించి, దోషం రుజువు చెయ్యకుండానే వదిలేశారన్నమాట. నాకిది కాస్త కష్టంగానే తోచింది.

ఇప్పుడు ఎమ్.ఆర్.ఐ. బొమ్మలో పి.ఎస్.పి. రోగి నడిమెదడు చిక్కి, పక్కనుంచి చూస్తే పొడుగు ముక్కున్న తేనెపిట్టలా కనపడుతుందని చెబుతారు. మా అత్తగారి బొమ్మలో ఆ పిట్టని డాక్టరుగారు నాకూ చూపించారు. ముద్దుగా వుంది, ఏడుపొచ్చింది. జబ్బుని ఆపే మందు లేదు. పేరు తెలిసి ఏం లాభం అని మావారన్నారు. లాభం లేకపోలేదు. మెట్లకి అడ్డంగా చిన్న తలుపు పెట్టించాం. నీళ్ళు గొంతుకి అడ్డంపడుతున్నాయని పల్చటివన్నీ కాస్త చిక్కగా చేసి ఇచ్చాం. అన్నం బల్లమీద రెండు పీటలు ఒకదానిమీదొకటి వేసి, వాటిమీద కంచం పెట్టాం. మొదటిరోజు ఆవిడ చాలాసేపు కంచంకేసి చూసి, "ఇవాళ దొండకాయ కూర చేశావా" అన్నారు. అది వారంలో మూడోసారి చెయ్యడం.

2014లో పోయారావిడ. మెదడు ఇవ్వాలన్న ఆలోచన అప్పుడు మాకెవరికీ రాలేదు, వచ్చినా ఇంట్లో ఒప్పుకునేవారో లేదో. కాగితాలు సర్దుతుంటే పెద్ద డాక్టరుగారు రాసిచ్చిన చీటీ దొరికింది. అంతకుముందు నేను గమనించలేదు, జబ్బు పేరుకి ముందు చిన్న అక్షరాలతో "ప్రాబబుల్" అని వుంది. బతికున్న మనిషి విషయంలో అంతకుమించి రాయకూడదని ఈ జబ్బుకి పెట్టుకున్న నియమమట.